పనివాళ్ళ బండి

అల్వాల్, సికింద్రాబాద్
12 జూన్ 2025

అక్కయ్యకి రామం నమస్కారాలు.

ఫోన్లు మానేసి ఉత్తరాలు రాసుకుందామని నువ్వన్నప్పుడు నీ మరదలు నవ్వింది గానీ, ఆలోచిస్తే అదే మంచిదనిపిస్తోంది. కిందటిసారి నేను పళ్ళు కట్టించుకున్నానని చెబితే నీకు ఇల్లు కట్టించానని వినిపించి, అనకాపల్లి అంతా గృహప్రవేశం ఎప్పుడని అడిగింది. కాగితం మీద ఆ ఇబ్బంది ఉండదు.

ఒక శుభవార్త. మా నందనవనం ఎన్‌క్లేవ్ సంక్షేమ సంఘానికి నన్ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఏకగ్రీవంగా. ఆ కుర్చీ ఎవరికీ అక్కర్లేక నాకు కట్టబెట్టారని నీ మరదలు అంటోంది. ఆవిడ సంగతి నీకు తెలుసు కదా.

కుర్చీలో కూర్చున్న రోజునే పెద్ద సమస్య వచ్చి పడింది. బోయిన్‌పల్లి వైపు రోడ్డు తవ్వేశారు. పొద్దుటి సిటీ బస్సు దారి మళ్ళింది, షేర్ ఆటోలు ఇటు రావడం మానేశాయి. మా అపార్టుమెంట్లలో గిన్నెలు తోమి ఇల్లు తుడిచే ఆడవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, తోటమాలులు దాదాపు అందరూ అటునుంచే రావాలి. మన కుమారి కూడా. అదే, మీ ఇంట్లో పనిచేసే ముసలమ్మ కూతురు, నువ్వే కదా మా ఇంటికి కుదిర్చావు. దాని మొగుడు ఎల్లాజీ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో మూటలు మోస్తాడు, ఆ మార్కెట్ వెనకే ఒక గదిలో ఉంటారు. ఇప్పుడు వీళ్ళంతా గుంటల పక్కనుంచి నడిచి వస్తున్నారు. దాంతో పనివేళలు తలకిందులయ్యాయి.

మా వాళ్ళ కష్టాలు ఏమని చెప్పను. మా కార్యదర్శి హేమచంద్ర గారు బ్యాంకులో పెద్ద పదవి చేసి దిగిన మనిషి. మొన్న తన కాఫీ గ్లాసు తానే కడుక్కోవలసి వచ్చిందట. మీటింగులో ఆ మాట చెబుతూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు నేను లేచి, శ్రామికుల కోసం మనమే ఒక వ్యాను నడుపుదాం, ఉచితంగా, అన్నాను. చప్పట్లు ఎంతసేపు కొట్టారో. మనిషన్నాక సాటి మనిషి కష్టం చూడాలి కదక్కా.

నీ తమ్ముడు
రామ్మోహనరావు

*

అనకాపల్లి
20 జూన్ 2025

చిరంజీవి రామానికి అక్కయ్య వీరరాఘవమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. నాన్నగారి పేరు నిలబెట్టావు. వెంటనే ముసలమ్మని పిలిచి, "మా తమ్ముడు మీ కుమారి నడవలేకపోతోందని బండి కొన్నాడే" అని చెప్పాను. అది చీపురు అక్కడే పడేసి వీధి వీధంతా చెప్పి వచ్చింది.

తీరా అది మంచికి రాలేదురా. ఈ మాట చోడవరంలో ఉన్న కుమారి అత్తగారి చెవిన పడింది. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి, "నీ పెళ్ళానికి ఎవుడో బండి కొనిచ్చినాడంట, నువ్వేటి సూస్తన్నావురా?" అని అడిగిందట. ఎల్లాజీ రెండు రోజులు అన్నం తినలేదు. కుమారి ఏడుస్తూ తల్లికి ఫోన్ చేసింది. "ఏ బండే అమ్మా, నాను నడిసే ఎల్తన్నాను, కాళ్ళు బొబ్బలెక్కిపోనాయి" అందట. ముసలమ్మ నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచి మరీ చెప్పింది కాబట్టి ఈసారి నేను తప్పు వినలేదు.

అసలు బండి కొన్నావా లేదా? కొంటే ఎవరికి కొన్నావు? నువ్వే నడుపుతున్నావా? కంటికి ఆపరేషన్ అయి ఏడాది కాలేదు, నడపకు. మా వైపు వానలు పడ్డాయి. నా మోకాళ్ళు నా మాట వినడం లేదు, నా చెవులు ఎవరి మాటా వినడం లేదు.

ఆశీస్సులతో
అక్కయ్య

*

అల్వాల్
9 జూలై 2025

అక్కయ్యకి నమస్కారాలు.

ఎంత పని చేశావక్కా. బండి కుమారి ఒక్కదానికి కాదు, పనివాళ్ళందరికీ. కొన్నది నేను కాదు, సంఘం. నడిపేది పర్వతాలు అని ఒక డ్రైవరు, మెదక్ వైపు మనిషి. ఈ మూడు సంగతులూ ముసలమ్మకి అక్షరం పొల్లుపోకుండా చెప్పు.

ప్రారంభోత్సవం కిందటి ఆదివారం జరిగింది. పూజ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ శాస్త్రోక్తంగా. బండికి 'శ్రమజీవి రథం' అని పేరు పెట్టాం. పక్కన నా ఫోటో, వెనక హేమచంద్ర గారి ఫోటో. వెనక ఉన్నవాడికి పొగ కొడుతుందని ఆయన కొంచెం నొచ్చుకున్నారు. పనివాళ్ళందరినీ వరసగా ఎండలో నిలబెట్టి చప్పట్లు కొట్టించాం. ఉపన్యాసాలు కాస్త సాగాయి. ఆ పూట ఎవరింట్లోనూ గిన్నెలు తోమడం కాలేదు, కానీ మంచి పనికి అంతో ఇంతో త్యాగం తప్పదు.

పద్ధతులన్నీ పకడ్బందీగా రాశాం. పనివాళ్ళు ఉండే సందుల్లోకి వ్యాను వెళ్తే బురద అంటుకుంటుంది, కొత్త బండి. కాబట్టి మెయిన్ రోడ్డు మీద పెట్రోలు బంకు దగ్గర ఎక్కాలి. పొద్దున్నే ఒకసారి తీసుకొస్తుంది, సాయంత్రం చీకటిపడే ముందు ఒకసారి దింపుతుంది. చాలామందికి మధ్యాహ్నానికే పని అయిపోతుంది నిజమే, కానీ జనరేటర్ షెడ్డు పక్కన నీడ ఉంది, హాయిగా కూర్చోవచ్చు. ఒకరితో ఒకరికి పరిచయాలు పెరుగుతాయి. చేపలు, బకెట్లు, పూలబుట్టలు బండిలోకి తేకూడదు. హేమచంద్ర గారి అమ్మాయి నీహారిక ఫోనులో వాడే ఆప్ ఒకటి తయారుచేసింది. ముందురోజు అందులో పేరు నమోదు చేసుకుంటే సీటు ఇస్తుంది. ఎంత చక్కగా ఉందో. ఆ ఆప్ ఇంగ్లీషులో మాట్లాడుతుంది కూడా.

మూడో బ్లాకులో ఐజాక్ గారని ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. ప్రతి మీటింగులోనూ ఏదో ఒక పుల్ల వేస్తారు. "ఎక్కేవాళ్ళని ఒక మాట అడిగితే బాగుంటుందేమో" అన్నారు. ఎజెండాలో లేని అంశం కనక చర్చకు తీసుకోలేదు.

నీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ తమ్ముడు
రామం

*

అనకాపల్లి
17 జూలై 2025

చిరంజీవి రామానికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే మూడు సంగతులూ ముసలమ్మకి చెప్పాను. చోడవరం అత్తగారికి కూడా కబురు పంపాం. ఎల్లాజీ అన్నం తింటున్నాడట.

కానీ రామం, ముసలమ్మ చెప్పిన దాంట్లో నాకు కొన్ని అర్థం కాలేదు. ఆ పెట్రోలు బంకు వాళ్ళ గదికీ మీ ఇంటికీ సగం దూరంలో ఉందట కదా. సగం నడిచాక బండి ఎందుకు, మిగతా సగం కూడా నడిచేస్తే పోతుంది అనుకుందట కుమారి. అయినా ఒకరోజు ఎక్కుదామని వెళ్ళిందట. ఆపలేదట. పేరు ఉంటేనే ఆపుతామన్నారట. 'ఆపులో పేరు లేకపోతే ఆపరు' అని ముసలమ్మ నాకు మూడుసార్లు చెప్పింది. నా చెవుల తప్పే అనుకున్నాను. ఆపడానికి పేరెందుకురా? చెయ్యెత్తితే ఆపాలి కదా బండి? కుమారి దగ్గర ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను, అందులో మీ ఆపు రాదట.

పైగా మధ్యాహ్నం పని అయిపోయినా సాయంత్రం దాకా కూర్చోమంటే, దాని పిల్లకి అన్నం ఎవరు పెడతారు? బడి నుంచి వచ్చి గుమ్మం ముందు కూర్చుంటుందట. ఆ భయానికి కుమారి రెండు పూటలా నడుస్తూనే ఉంది.

ముసలమ్మ నన్ను ఒకటే అడిగింది. "ఆ బండి ఎవలికమ్మా?" అని. నువ్వు రాస్తే చెబుతాను.

మొన్న మన పెద్ద వీధిలో నాటకాల పోటీలు పెట్టారు. ముందు వరసలో కూర్చున్నాను. ఒక్క మాట వినిపించలేదు, కానీ వేషాలు బాగున్నాయి.

అక్కయ్య

*

అల్వాల్
18 ఆగస్టు 2025

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. కొంచెం కోపం వచ్చింది, దాచుకోను. ఇంత చేసినా ముసలమ్మ మాటలే నీకు వేదమయ్యాయి. మంచి చేసేవాడికి పేరు రాదని పెద్దలు ఊరికే అనలేదు.

వ్యాను ఖాళీగా తిరుగుతున్న మాట వాస్తవం. ఎక్కమని బతిమాలుతున్నా పనివాళ్ళు ఎక్కరు, ఏం చేస్తాం. ఖాళీగా తిప్పడం బాధ్యతారాహిత్యమని కమిటీ తీర్మానించి, బండిని సద్వినియోగం చేసింది. శ్రావణ శుక్రవారాలు మా ఆడవాళ్ళని గుళ్ళకి తిప్పాం. చీరలు కొనడానికి ఏ.ఎస్. రావు నగర్ వెళ్ళి వచ్చారు. హేమచంద్ర గారి వియ్యంకుడిని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చాం. బండి రోజంతా తిరుగుతోందని తెలిసి ఒక కాలనీల సమాఖ్య వారు మాకు 'మానవీయ కాలనీ' అవార్డు ప్రకటించారు.

ఇక అసలు సంగతి. పదిహేనో తారీఖున, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, బోయిన్‌పల్లి అవతల ఒక ఫంక్షన్ హాల్లో అవార్డు ప్రదానం. నేను, హేమచంద్ర గారు, కమిటీ సభ్యులు, అందరం పట్టుబట్టలు కట్టుకుని వ్యానులో బయల్దేరాం. పొద్దున్నుంచీ ఒకటే వాన. తవ్విన రోడ్డు దగ్గర జనం మూగి ఉన్నారు. ఎవరో ఆడమనిషి గుంటలో పడిపోయింది. నలుగురు కలిసి పైకి లాగారు. తల మీద ప్లాస్టిక్ గోనె, ముఖం నిండా బురద. కాలు పట్టుకుని మూలుగుతోంది.

పర్వతాలు బండి ఆపేశాడు. "అంబులెన్సు వాళ్ళకి ఫోన్ చేద్దాం, నువ్వు పోనీ" అన్నారు హేమచంద్ర గారు. వాడు తలుపు తీసి, "సార్, జెర దిగుండ్రి. ఆమెను దవాఖానకు తీస్కపోవాలె" అన్నాడు.

"మాకు ప్రోగ్రాం ఉందయ్యా" అన్నాను నేను.

"ఉంటది సార్. బండి మీద ఏం రాసిండ్రో మీరే సదువుండ్రి" అన్నాడు.

మమ్మల్ని దింపేశాడక్కా. నడి వానలో, నడి రోడ్డు మీద. ఆమెని సీటు మీద పడుకోబెట్టుకుని వెళ్ళిపోయాడు. మేము గొడుగులు వేసుకుని ఆ గుంటల అంచుల మీద నడిచాం. హేమచంద్ర గారి చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. హాలు చేరేసరికి మా అవార్డు ఇంకో కాలనీకి ఇచ్చేసి భోజనాలకు లేచారు.

మర్నాడే కమిటీ సమావేశమై, సంఘం వాహనాన్ని దుర్వినియోగం చేసినందుకు పర్వతాలుని పనిలోంచి తీసేసింది. తీర్మానం నేనే రాశాను. భాష బాగా కుదిరింది.

ఇది చాలదన్నట్టు ఆ రోజు నుంచీ కుమారి పనికి రావడం లేదు. ఒక్క కబురు లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. జెండా పండగని సెలవు పెట్టి, అలాగే అలవాటు పడినట్టుంది. ముసలమ్మతో గట్టిగా చెప్పు.

రామం

*

అనకాపల్లి
26 ఆగస్టు 2025

రామం,

ఆ గుంటలో పడింది కుమారి.

మీ ఇంటికే వస్తోంది. జెండా పండగ రోజు కూడా మీ ఇంట్లో గిన్నెలు ఉంటాయి కదా. కాలి ఎముక విరిగింది. కట్టు కట్టారు. ఫోను బురదలో పోయింది, అందుకే ఎత్తలేదు. మీ డ్రైవరు పర్వతాలే ఆస్పత్రికి తీసుకెళ్ళి చేర్పించి, ఎల్లాజీ వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడట. "ఆ బాబు ఏ తల్లి బిడ్డో గానీ వొందేళ్ళు బతకాల" అని ముసలమ్మ రోజూ దీపం పెడుతోంది. ఆ బాబుని మా తమ్ముడే పనిలోంచి తీసేశాడని నేను ఏ నోటితో చెప్పను?

నీ ఉత్తరం ముసలమ్మకి చదివి వినిపించలేదు. దానికి చదువు రాకపోవడం నా అదృష్టం, నీ అదృష్టం కూడా.

రెండు నెలలకు పైగా మనం ఇద్దరం పెద్ద పెద్ద ఉత్తరాలు రాసుకుంటున్నాం. వెళ్ళి ఒకసారి చూసి రా.

అక్కయ్య

*

అల్వాల్
7 సెప్టెంబరు 2025

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం నీ మరదలే ముందు చదివింది. చదివి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అంతకు ముందే ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. ఒక సోమవారం పనివాళ్ళు ఒక్కరూ రాలేదు. ఊడ్చేవాళ్ళు, తోటమాలి, ఇస్త్రీ అబ్బాయి, ఎవరూ. వాన అనుకున్నాం. మర్నాడూ అంతే. మూడో రోజు ఊడ్చే రోసమ్మ ఒక్కతీ గేటు దాకా వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "పర్వతాలన్నను తీసేసిండ్రట గద సార్. మాలో ఒకామె కోసం ఆగినందుకే కద తీసిండ్రు. ఇగ మేం సుత రాం" అని చెప్పి వెనక్కి తిరిగింది.

మా కమిటీ మీటింగ్ అంటే మామూలుగా నోటీసు, కోరం, టీ, బిస్కెట్లు. ఆ రోజు లిఫ్టు దగ్గర నిలబడే తేల్చేశారు. పర్వతాలుని వెనక్కి పిలవాలి, బండి సందుల్లోకి వెళ్ళాలి, మధ్యాహ్నం కూడా దింపాలి, ఆప్ తీసెయ్యాలి. ఐజాక్ గారు నోరు తెరవబోతే, "మీరేం అంటే అదేనండీ" అన్నారు హేమచంద్ర గారు. ఆయన ఏమీ అనకముందే. తీర్మానం రాస్తానంటే నన్ను ఎవరూ రాయనివ్వలేదు. ఎవరి సింకులు వాళ్ళకి గుర్తొచ్చాయి.

కుమారిని చూడ్డానికి నేనూ నీ మరదలూ వెళ్ళాం. మార్కెట్ వెనక సందు. కుళ్ళిన టమాటాలు, కొత్తిమీర, బురద, అన్నీ కలిసిన వాసన. ఎల్లాజీ ఒక స్టూలు తెచ్చి వేశాడు, నా ముఖం వైపు చూడలేదు. కుమారి కాలు బియ్యం మూట మీద పెట్టుకుని పడుకుంది. నన్ను చూసి లేవబోయింది. "ఇంత బురదలో ఎందుకొచ్చినారు బాబూ" అంది.

నిజం చెప్పాలంటే ఏదో మాట్లాడదామని దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఉపన్యాసాలు చెప్పినవాణ్ణి కదా. అక్కడ అవన్నీ పక్కన పెట్టేశాను. ఆ రోజు వ్యానులో ఉన్నది నేనే అన్నాను. "తెలుసు బాబూ. నాను సూసినాను" అంది.

నీ మరదలు దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాలు నయమయ్యాక పనికి వస్తావా అని చివరికి నేనే అడిగాను. కాస్త ఆలోచించి, "బండి మా సందులోకి వస్తే వస్తాను బాబూ. మజ్జానం మా పిల్ల బడి నుంచి వచ్చేలోగా దింపితే వస్తాను. నడిసి మాత్రం రాను" అంది.

"వస్తుంది" అన్నాను. అధ్యక్షుడిగా కమిటీని అడక్కుండా నేను చెప్పిన మొదటి మాట అదే అనుకుంటాను.

రామం

*

అనకాపల్లి
15 సెప్టెంబరు 2025

చిరంజీవి రామానికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం ముసలమ్మకి మొత్తం చదివాను. నువ్వు వ్యానులో ఉన్న సంగతితో సహా. చెవిటిదాన్ని నేనైతే, నేనే గట్టిగా అరిచి చదివానట, పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. అది చీపురు పక్కన పెట్టి వింది. "పెద్దోరు ఎల్లి సూసొచ్చినారు, అదే సాలు" అంది. కాసేపటికి, "బండెక్కినాక సెప్పమనండమ్మా" అంది. ఈసారి వీధిలో ఎవరికీ చెప్పలేదు.

చోడవరం అత్తగారు కోడలికి సాయం చెయ్యడానికి సికింద్రాబాద్ వచ్చిందట. అత్తాకోడళ్ళకి నీ బండి వల్ల గొడవ వచ్చింది, కాలు విరిగి కలిశారు. ఏది దేనికి వస్తుందో తెలియదు.

కుమారి మళ్ళీ మీ ఇంటికి వచ్చిన రోజున ముందు కూర్చోబెట్టి వేడిగా టీ ఇమ్మని మరదలితో చెప్పు. పని ఆ తర్వాత.

అక్కయ్య

*

అల్వాల్
3 నవంబరు 2025

అక్కయ్యకి నమస్కారాలు.

ఇవాళ సోమవారం. కుమారి బండెక్కింది.

ఇప్పుడు అధ్యక్షుడు హేమచంద్ర గారు. నేను దిగిపోయాను. బండి పక్కన ఆయన ఫోటో వచ్చింది, వెనక ఎవరి ఫోటోనూ లేదు. అయినా బండి మాత్రం సక్రమంగా తిరుగుతోంది. సందులోకి వెళ్తోంది, మధ్యాహ్నం దింపుతోంది. బకెట్లు, పూలబుట్టలు, చేపలు అన్నీ ఎక్కుతున్నాయి. శుక్రవారాలు మా ఆడవాళ్ళు ఆటోల్లో గుడికి వెళ్తున్నారు.

నేనూ నీ మరదలూ పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాం. నువ్వు చెప్పినట్టే ఇంట్లో టీ పెట్టి ఉంచాం. వ్యాను వచ్చింది. పర్వతాలు దిగి చెయ్యి అందించాడు. కుమారి రోసమ్మ భుజం పట్టుకుని మెల్లిగా దిగింది. కొంచెం కుంటుతోంది గానీ ముఖం తేటగా ఉంది. మమ్మల్ని చూసి, "బాగున్నారా బాబూ, బాగున్నారా అమ్మా" అని నవ్వి, తిన్నగా మూడో బ్లాకు వైపు నడిచింది.

"కుమారీ, ఇటు కదే" అని పిలిచింది నీ మరదలు.

అది ఆగి, కాస్త మొహమాటపడి, "ఐజాక్ మాస్టారింట్లో కుదిరినానమ్మా. పర్వతాలన్న సెప్తే ఆస్పత్రికి సూడొచ్చినారు, అప్పుడే అడిగినారు" అంది.

"మరి బండి వస్తే వస్తానన్నావు?" అన్నాను నేను.

"వచ్చినాను కదా బాబూ" అంది.

దాంట్లో ఎత్తిపొడుపు ఏమీ లేదక్కా. మామూలుగానే అంది. మాస్టారింటి దాకా అది మెట్లు ఎక్కి వెళ్ళేవరకూ చూసి, మేము ఇంటికి వచ్చి టీ తాగాం. మూడు కప్పులు ఇద్దరం పంచుకున్నాం.

ఇంకా రాయాలని ఉంది గానీ సింకులో గిన్నెలు నానుతున్నాయి. ఈ వారం వంతు నాది.

నీ తమ్ముడు
రామం